కన్ను లొట్టపోతే చావు తప్పదు

గో ఆటకు చైనా, జపాన్ దేశాల్లో వందల సామెతలున్నాయి. ఎత్తు ఎక్కడ వెయ్యాలో గుర్తుండటానికి వాటిని పిల్లలకు బట్టీ పట్టిస్తారు. మన తెలుగు సామెతలు ఆ పనికి వస్తాయా అని పోయిన సంచికలో అడిగాం. విజయవాడ, గుంటూరు పాఠకులు సామెతలతో పాటు ఓడిపోయిన ఆటలు కూడా రాసి పంపారు. జవాబు అందరికీ పనికొచ్చేవి కొన్ని ఏరి ఇక్కడ ఇస్తున్నాం.

ఆట తెలియనివారికి ముందు నాలుగు మాటలు. పలక మీద అడ్డంగా 19, నిలువుగా 19 గీతలుంటాయి. నేర్చుకునేవాళ్ళకు 9 గీతల పలక చాలు. రాయిని గడిలో పెట్టరు. పులిజూదంలో లాగే గీతలు కలిసే కూడలిలో పెడతారు. పెట్టిన రాయి ఇక కదలదు. గీతల వెంట దానికి ఆనుకుని ఉన్న ఖాళీ కూడళ్ళే దాని ఊపిర్లు. చైనావాళ్ళు వాటిని ‘చీ’ అంటారు, అంటే ఊపిరనే. అన్ని ఊపిర్లూ ఎదుటివాళ్ళు మూసేస్తే రాయి పలక మీంచి లేచిపోతుంది. గీత వెంట కలిసి ఉన్న రాళ్ళకు ఊపిర్లు ఉమ్మడి. ఒక్క ఊపిరే మిగిలితే దాన్ని ‘అటారీ’ అంటారు. నల్లవాళ్ళది మొదటి ఎత్తు. చివరికి ఎవరు ఎక్కువ చోటు చుట్టుకుంటే వాళ్ళు గెలిచినట్టు.

ప్రశ్న: మా అబ్బాయి గుంపుకు రెండు కళ్ళున్నాయి, ఇక చావు లేదనుకున్నాం. ఎదుటివాళ్ళు ఒక్క రాయి పెట్టేసరికి ఒక కన్ను పోయింది. నాలుగు ఎత్తుల్లో మొత్తం గుంపే లేచిపోయింది. ‘చావు తప్పి కన్ను లొట్టపోయింది’ అని సరిపెట్టుకోవడానికి కూడా లేకుండా పోయింది. ఎక్కడ తప్పు జరిగింది?
— ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అమ్మా, ఆ సామెత గోలో తిరగబడుతుంది. ఇక్కడ కన్ను లొట్టపోతే చావు తప్పదు. కన్నంటే మన రాళ్ళు చుట్టూ మూసుకున్న ఖాళీ కూడలి. ఎదుటివాళ్ళు అందులో రాయి పెడితే దానికి ఊపిరి ఉండదు కాబట్టి పెట్టడానికి వీల్లేదు. ఒక్క సందర్భంలో మాత్రం వీలుంది. మన గుంపుకు బయటి ఊపిర్లన్నీ మూసేశాక ఆ కన్నే చివరి ఊపిరైతే అందులో పెట్టి గుంపును ఎత్తేయొచ్చు. అదే రెండు కళ్ళుంటే రెంటిలోనూ ఒకేసారి రాయి పెట్టలేరు. గుంపు బతికిపోతుంది. మన రాజకీయాల్లో ‘రెండు కళ్ళ సిద్ధాంతం’ విని నవ్వుకున్నవాళ్ళున్నారు గానీ, గోకు మాత్రం ప్రాణం దాంట్లోనే ఉంది.

మీ అబ్బాయికి ఉన్న రెండిట్లో ఒకటి గుడ్డి కన్ను. గుడ్డి కన్ను మూసినా ఒకటే, తెరిచినా ఒకటే. దాన్ని ముందే పసిగట్టాలంటే కన్ను చుట్టూ ఆనుకున్న రాళ్ళను చూస్తే చాలదు, ఐమూలగా ఉన్న కూడళ్ళు కూడా చూడాలి. పలక మధ్యలో ఉన్న కన్నుకు ఐమూలలు నాలుగు. వాటిలో రెండు ఎదుటివాళ్ళకు చిక్కితే కన్ను గుడ్డిదే. అంచు మీది కన్నుకు ఐమూలలు రెండే కాబట్టి ఒకటి చిక్కినా గుడ్డిదే. మూలలో కన్నుకు ఉండేది ఒక్కటే. అది పోతే కన్నూ పోయింది.

కారణం తెలిస్తే ఈ లెక్క మరిచిపోరు. ఐమూలలు పోయాయంటే కన్ను చుట్టూ ఉన్న రాళ్ళకు ఒకదానితో ఒకటి వేరే దారిలో సంబంధం తెగిపోయిందన్నమాట. ఎదుటివాళ్ళు వాటిలో ఒక ముక్కను అటారీ చేస్తారు. దాన్ని కాపాడుకోవాలంటే మీ చేత్తో మీరే ఆ కన్నులో రాయి పెట్టుకోవాలి. మీ ఉత్తరంలో నాలుగు ఎత్తులన్నారు, సరిగ్గా ఇలాగే జరిగి ఉంటుంది.

ఇక వంతు సంగతి. మధ్యలో ఉన్న కన్నుకు ఒక ఐమూల ఎదుటివాళ్ళది, ఒకటి ఖాళీ, మిగతా రెండూ మీవి అనుకోండి. ఆ ఖాళీలో ఎవరు ముందు పెడితే కన్ను వాళ్ళు చెప్పినట్టు వింటుంది. అలాంటి ఖాళీ కనబడ్డాక వేరే చోటికి వెళ్ళి రెండు మూడు కూడళ్ళ లాభం చూసుకుంటే, గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకున్నట్టే.

చుట్టూ ముట్టడి పడిందంటే పెద్ద చోటు కోసం పాకులాడొద్దని కూడా అబ్బాయికి చెప్పండి. బతికుంటే బలుసాకు తినొచ్చు. లోపల మిగిలిన ఖాళీ ఆకారం చూసుకోమనండి. మూడు కూడళ్ళు వరుసగా ఉన్నా వంగి ఉన్నా, నడిమి కూడలి ఎవరిదైతే ఫలితం వాళ్ళది. నాలుగు నిటారుగా ఉంటే బతికినట్టే, ఆట వేరే చోట సాగించొచ్చు. నాలుగూ చదరంగా ఉంటే మాత్రం మీరు ముందు ఆడినా దక్కదు. ఒక రాయి పెట్టగానే వంగిన మూడు మిగులుతాయి, నడిమిది వాళ్ళు తీసుకుంటారు.

ప్రశ్న: నేను పదేళ్ళుగా చదరంగం ఆడుతున్నాను. గోలో ఒక్క రాయి కూడా పోనివ్వకుండా ఆడుతున్నా ఓడిపోతున్నాను. ఎందుకు?
— డిగ్రీ విద్యార్థి, లబ్బీపేట, విజయవాడ

జవాబు: పోనివ్వకపోవడం వల్లే. పెంటల హరికృష్ణ, ద్రోణవల్లి హారిక పుట్టిన గుంటూరు, కోనేరు హంపి ఉండే విజయవాడ చదరంగం ఊళ్ళు. అందుకే మాకొచ్చే ఉత్తరాల్లో ఈ జబ్బు ఎక్కువ. చదరంగంలో ఒక ఏనుగు పోతే చివరిదాకా లోటే. గోలో రాళ్ళకు హోదా లేదు. అవి చేసే పనికే విలువ.

టాంగ్ రాజుల కాలంనాటి వాంగ్ జీషిన్ చెప్పినట్టు చైనాలో అనుకునే పది సూత్రాలున్నాయి. వాటిలో మొదటిది అత్యాశతో గెలుపు రాదని. ఇంకొకటి చిన్నది వదిలి పెద్దది పట్టమని. మరొకటి రాళ్ళు వదులుకుని చొరవ చేజిక్కించుకోమని. పదిలో మూడు వదులుకోవడం గురించే కావడం ఊరికే కాదు.

లెక్క చూడండి. జపాన్ పద్ధతిలో రెండు రాళ్ళు పోతే, రాళ్ళకు రెండు, అవి ఖాళీ చేసిన చోటుకు రెండు, మొత్తం నాలుగు పాయింట్ల నష్టం. మరి ఆట మొదట్లో ఒక వంతు విలువ ఎంత? ముందు ఆడే భాగ్యానికి నల్లవాళ్ళు తెల్లవాళ్ళకిచ్చే పరిహారం జపాన్‌లో 6.5, చైనాలో 7.5 పాయింట్లు. నల్లవాళ్ళు మొదటి వంతు వదిలేస్తే ఆ భాగ్యం ఎదుటివాళ్ళకు పోతుంది కాబట్టి తేడా దాదాపు రెండింతలు, అంటే 13, 15 పాయింట్ల దాకా. నాలుగు పాయింట్ల రాళ్ళ కోసం 13 పాయింట్ల వంతు ఖర్చుపెడితే కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు. పైగా అది మన ఎలుకే.

ఏ రాయి వదలాలి, ఏది వదలకూడదు? ‘ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య.’ మనుషుల దగ్గర అది కృతఘ్నత. పలక మీద మంచి ఆట. రాయిని కాపాడబోయే ముందు ఒక్కటి అడగండి: ఇది పోతే ఎదుటివాళ్ళ రెండు బలహీనమైన గుంపులు కలిసిపోతాయా? కలిసిపోతే అది తెంపురాయి, ప్రాణం పెట్టి కాపాడాలి. అవి ఎప్పుడో బతికిపోయి ఉంటే ఆ రాయి పని అయిపోయింది, బోడి మల్లయ్యే. చదరంగం అలవాటుతో వచ్చే ఇంకో తప్పు, కనబడిన ప్రతి చోటా రాజుకు ‘షా’ చెప్పినట్టు అటారీ చెయ్యడం. అటారీ చెయ్యగానే ఎదుటివాళ్ళు సాగి బలపడతారు, మీకు ఆ చోట ఉన్న వేరే దారులు మూసుకుపోతాయి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల?

ప్రశ్న: ‘రెండో గీత మీద ఆరు చస్తాయి, ఎనిమిది బతుకుతాయి’ అని జపాన్ సామెత చదివాను. ఏడు ఏమవుతాయి? దీనికి తెలుగు సామెత ఉందా?
— అరండల్‌పేట, గుంటూరు

జవాబు: దీనికి మన సామెత వెతక్కండి, ఇది ఎక్కం. ఒకసారి కూడికలు తీసివేతలు చేస్తే జన్మలో మరిచిపోరు.

అంచు నుంచి రెండో గీత మీద తెల్లరాళ్ళు వరుసగా ఉన్నాయి. పైన మూడో గీత నిండా నల్లవే. వరుస రెండు చివర్లా రెండో గీత మీద నల్లరాళ్ళు అడ్డం ఉన్నాయి. తెల్లవాళ్ళకు కళ్ళు చేసుకోవడానికి మిగిలింది తమ కిందున్న మొదటి గీత కూడళ్ళే. ఎనిమిది రాళ్ళుంటే ఎనిమిది కూడళ్ళు.

నల్లవాళ్ళు ఒక చివర మొదటి గీత మీదికి వంగి లోపలికొస్తారు, తెల్లవాళ్ళు పక్కన పెట్టి ఆపుతారు. ఒక్కో చివర ఇలా రెండు కూడళ్ళు పోతాయి, ఒకటి నల్లరాయికి, ఒకటి తెల్లరాయికి. రెండు చివర్లా కలిపి నాలుగు. ఎనిమిదిలో నాలుగు పోతే నాలుగు నిటారు. బతికినట్టే. ఏడులో నాలుగు పోతే మూడు, వంతు నల్లవాళ్ళది, నడిమి కూడలిలో పెడతారు. చచ్చినట్టే. అదే ఏడుకు తెల్లవాళ్ళు ముందు ఆడితే ఒక చివర తామే ఒక్క రాయితో మూసుకుంటారు. అక్కడ పోయేది ఒకటే. రెండో చివర రెండు. ఏడులో మూడు పోతే నాలుగు, బతుకు. అంటే ఏడు ఎవరి వంతైతే వాళ్ళవి. ఆరుకు తెల్లవాళ్ళు ముందు ఆడినా మూడు పోయి మూడే మిగులుతాయి, అప్పుడు వంతు నల్లవాళ్ళది. అందుకే ఆరు చస్తాయి.

వరుస ఒక చివర మూలను తాకుతుంటే అటునుంచి ఎవరూ వంగి రాలేరు, కోత ఒకవైపే. అప్పుడు నాలుగు చస్తాయి, ఆరు బతుకుతాయి, ఐదు వంతును బట్టి. కాగితం మీద మీరే తీసివేసి చూసుకోండి.

చాలామంది బోల్తాపడేది సామెత చివర్లో కాదు, మొదట్లో. ‘చుట్టూ నల్లవి గట్టిగా ఉంటే’ అన్నది అందులో ఎవరూ చెప్పరు. నల్లగోడలో తెంపడానికి ఒక సందు ఉంటే వంగి వచ్చిన రాయిని కాపాడుకోవడానికి వాళ్ళు ఒక వంతు ఖర్చుపెట్టాల్సి వస్తుంది. ఆ వంతుతో ఆరు కూడా బతికిపోవచ్చు.

ప్రశ్న: ‘నిచ్చెన రానివాడు గో ఆడకూడదు’ అంటారు. ‘నిచ్చెన కంటే వల మేలు’ అని కూడా అంటారు. నిచ్చెన ఎక్కాలా వద్దా?
— సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: 9 గీతల పలక ముందు పెట్టుకుని చదవండి, ఊరికే చదివితే బుర్రకెక్కదు. కూడలి పేరులో మొదటి అంకె ఎడమ నుంచి, రెండోది కింది నుంచి.

తెల్లరాయి ఒకటి 3-3లో పెట్టండి. నల్లరాళ్ళు 2-3, 2-4, 3-2, 4-2లలో. వంతు నల్లవాళ్ళది. నల్ల 3-4 వేసి అటారీ చేస్తారు. తెల్ల 4-3కి పారిపోతుంది, రెండు ఊపిర్లు దొరుకుతాయి. నల్ల 5-3, మళ్ళీ ఒక్క ఊపిరే. తెల్ల 4-4. నల్ల 4-5, తెల్ల 5-4. నల్ల 6-4, తెల్ల 5-5. నల్ల 5-6, తెల్ల 6-5. మెట్లు మెట్లుగా ఎదుటి మూల వైపు సాగుతున్నారు చూశారా, అదే నిచ్చెన. ప్రతి మెట్టుకూ రెండు ఊపిర్లు వస్తాయి, ఒకటి వెంటనే పోతుంది. ఇలాగే సాగిస్తే చివర నల్ల 8-9, తెల్ల 9-8, నల్ల 9-9. తెల్లవి పన్నెండూ ఒక్కసారే లేచిపోతాయి.

ఇప్పుడు పలక తుడిచి అవే రాళ్ళు మళ్ళీ పెట్టండి. అదనంగా 6-6లో ఒక తెల్లరాయి పెట్టండి. అంతా ముందులాగే నడుస్తుంది, కానీ తెల్ల 6-5కు చేరగానే 6-6తో కలిసిపోయి మూడు ఊపిర్లొస్తాయి. నిచ్చెన విరిగింది. సంగతి అక్కడితో ఆగదు. తెల్ల 4-6లో పెడితే 4-5, 5-6 నల్లరాళ్ళు రెండూ ఒకేసారి అటారీలో పడతాయి. 6-3లో పెడితే 5-3, 6-4 రెండూ పడతాయి. వంతు నల్లవాళ్ళదే, కానీ రెండు చిల్లులు, ఉన్నది ఒక్క రాయి. ఒకటి పూడిస్తే రెండోదాంట్లోంచి ఒకే దెబ్బకు రెండు పిట్టలు. నిచ్చెన ఎక్కించినవాళ్ళే కింద పడతారు. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట అంటే ఇదే. ఒక మెట్టు చూసి మొదలుపెట్టి, దారిలో ఏ రాయి ఉందో చూడని నిచ్చెన.

మూడోసారి పెట్టండి. 6-6 తెల్లరాయి అలాగే ఉంచండి. ఈసారి నల్ల 3-4 కాకుండా 4-4లో, ఆనకుండా ఐమూలగా వేస్తుంది. తెల్ల 3-4కు వస్తే నల్ల 3-5. తెల్ల 4-3కు వస్తే నల్ల 5-3. ఎటు పోయినా ఇంకో ఎత్తులో బయటికి దారి లేదు. ఇదే వల. 6-6లో రాయి ఉన్నా లేకున్నా ఫలితం ఒకటే.

అంటే రెండు సామెతలూ నిజమే. నిచ్చెన తెలియాలి, ఎక్కక్కర్లేదు. వల కుదిరే చోట వలే వెయ్యండి. కుదరని చోట ఎదుటి మూల దాకా కళ్ళతో నడిచి వెళ్ళి, ఆ దారిలోనూ దారికి ఆనుకునీ తెల్లరాయి లేదని చూసుకున్నాకే నిచ్చెన. పెద్ద పలక మీద ఆ నడక చివరిదాకా నడవకుండా చెయ్యి పెట్టడమే మొదటి ఏడాది ఆటగాళ్ళను ఎక్కువగా ముంచేది.

ప్రశ్న: ‘ఆలస్యం అమృతం విషం’ అంటారు, ‘నిదానమే ప్రధానం’ అంటారు. గో సామెతలూ ఇలాగే కొట్టుకుంటాయి. నాలుగు మూలలూ పోతే ఓటమి ఒప్పుకోమంటారు, నాలుగు మూలలూ తీసుకుంటే కూడా ఒప్పుకోమంటారు! ఏది నమ్మాలి?
— పటమట, విజయవాడ

జవాబు: చెయ్యి పెట్టే ముందు అడగండి: ఈ చోట నేను ఆడకపోతే ఏదైనా గుంపు చావుబతుకులు మారతాయా? మారితే అమృతం విషమయ్యే చోటు, వెంటనే ఆడాలి. మారకపోతే పలకంతా ఒకసారి చూసి పెద్ద చోటు వెతకండి. మూలల సామెత హాస్యం. నాలుగు మూలలూ నమిలి కూర్చుంటే మిగతా పలకంతా ఎదుటివాళ్ళు కట్టేసుకుంటారని దాని భావం.

ప్రశ్న: మధ్యలో పెద్ద చోటు చుట్టి గెలిచాననుకుంటాను. లెక్కపెట్టేసరికి ఏమీ ఉండదు. ఎదుటివాళ్ళ చోటేమో ఎప్పుడూ నాకంటే పెద్దగా కనిపిస్తుంది.
— కొరిటెపాడు, గుంటూరు

జవాబు: రెండు జబ్బులు, రెండు సామెతలు. మొదటిది ‘ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం’. మధ్యలో చోటు మూసుకోవాలంటే నాలుగు వైపులా గోడ కావాలి. అంచున మూడు వైపులా కట్టుకుంటే నాలుగోవైపు పలక అంచే గోడ. మూలలో రెండు వైపులు పలకే ఇస్తుంది, మనం కట్టాల్సింది రెండే. అందుకే ముందు మూల, తర్వాత అంచు, చివర మధ్య. ఇంట గెలిచి రచ్చ గెలవమన్న మాట ఇక్కడ అక్షరాలా సరిపోతుంది. మధ్యలో మీరు చూసినది చోటు కాదు, పలుకుబడి మాత్రమే. దాన్ని ఎదుటివాళ్ళ బలహీన గుంపును తరమడానికి వాడాలి. తరిమే దారిలో వేరే చోట చోటు పడుతుంది. ఆ పలుకుబడి ఇచ్చే గోడకే కళ్ళు లేవనుకోండి, అప్పుడది మింగమెతుకు లేదు మీసాలకు సంపెంగ నూనె.

రెండోది ‘పొరుగింటి పుల్లకూర రుచి’. ఎదుటివాళ్ళ చోటు పెద్దదిగా కనిపించగానే లోపలికి దూకుతారు. దూకే ముందు ఇద్దరి చోట్లూ నిజంగా లెక్కపెట్టండి, పదేసి కూడళ్ళ కట్టలుగా. మీరే ముందున్నారని తేలితే దూకొద్దు, బయటినుంచి అంచు నొక్కితే చాలు. వెనకబడ్డారని తేలితేనే లోపలికి వెళ్ళండి. వెళ్ళాలనుకుంటే మూడో గోడ కట్టకముందే వెళ్ళండి. మొక్కై వంగనిది మానై వంగదు.

ప్రశ్న: మూడో గీత మీద రాళ్ళ మధ్య ఎంత ఎడం వదలాలి?
— ఒక పాఠకుడు, భవానీపురం, విజయవాడ

జవాబు: ఒంటి రాయి నుంచైతే రెండు కూడళ్ళు వదిలి. ఒకదానిపై ఒకటి రెండు రాళ్ళు నిలబెట్టి ఉంటే మూడు వదిలి. మూడు రాళ్ళ గోడైతే నాలుగు. తెగేదాకా లాగొద్దు. ఒంటి రాయి నుంచి మూడు వదిలితే నడుమ దూరి తెంపుతారు. పక్కన ఎదుటివాళ్ళ గోడ ఉంటే రెండు కూడా ఎక్కువే, ఒకటి తగ్గించండి.

ప్రశ్న: కంప్యూటర్లు మనుషుల్ని చిత్తుచేశాక ఈ సామెతలన్నీ చెత్తబుట్టకేగా? ఇంకా పిల్లలకు ఎందుకు నూరిపోస్తున్నారు?
— విశ్రాంత లెక్కల మాస్టారు, మొగల్రాజపురం, విజయవాడ

జవాబు: మాస్టారూ, సగం నిజమే. 2016 మార్చిలో సియోల్‌లో ఆల్ఫాగో అనే గో ఆడే కంప్యూటర్ ప్రోగ్రాం కొరియా మేటి ఆటగాడు లీ సెడోల్‌ను 4-1తో ఓడించింది. రెండో ఆటలో దాని 37వ ఎత్తు, తెల్లరాయి భుజం మీద, అంటే దానికి ఐమూలగా పైన, అయిదో గీతలో వేసినది, అంతవరకు గురువులు వద్దనేదే. ఎదుటివాళ్ళకు నాలుగో గీత కింద అంత చోటు అప్పనంగా ఇవ్వకూడదని నేర్పేవారు. ఆ తర్వాత మొదట్లోనే మూలలో 3-3 కూడలికి దూరడం కూడా మామూలైపోయింది. దాన్నీ తొందరపాటనేవారు. అయితే నాలుగో ఆటలో లీ సెడోల్ 78వ ఎత్తుకు యంత్రం తడబడి ఓడిపోయిందని కూడా చెప్పుకోవాలి.

సామెతలు రెండు రకాలు. కొన్ని లెక్కలు, కొన్ని అభిరుచులు. ‘ఈ మూల కంటే ఆ అంచు పెద్దది’, ‘ఈ గోడ ఇంత విలువ’ లాంటివి అభిరుచులు. యంత్రాలు మార్చింది వాటినే, ఇకముందూ మారుస్తాయి. లెక్కల జోలికి ఏ యంత్రమూ పోలేదు. మూడు రాళ్ళు నిటారుగా ఉంటే ఎనిమిది ఊపిర్లు, అవే ఖాళీ త్రికోణంగా వంగితే ఏడు. ‘ఖాళీ త్రికోణం చెడ్డది’ అన్న సామెత ఆ ఒక్క ఊపిరి గురించే. మరొకటి మీకు నచ్చుతుంది: ‘మూడుకు మూడు, నాలుగుకు అయిదు, అయిదుకు ఎనిమిది, ఆరుకు పన్నెండు.’ పెద్ద కన్నులో అన్ని కూడళ్ళుంటే, బయటి ఊపిర్లన్నీ మూసుకుపోయాక దాన్ని చంపడానికి ఎదుటివాళ్ళకు పట్టే ఎత్తులివి. లోపల ఒక్కటి మిగిల్చి నింపాలి, మనం వాటిని ఎత్తేస్తాం, ఒకటి తక్కువ ఖాళీలో వాళ్ళు మళ్ళీ నింపాలి. అందుకే అంకెలు అలా ఎగబాకుతాయి. రెండు గుంపులు ఒకదాన్నొకటి చంపుకోవడానికి పరుగు పెట్టినప్పుడు వేళ్ళు మడుచుకుంటూ కూర్చోకుండా ఈ వరుస గుర్తుంటే సగం సమయం మిగులుతుంది.

తెలుగు సామెతల మీద మీ అనుమానం ఇంకా న్యాయమైనది. అవి పలక కోసం పుట్టలేదు. చూపు ఎటు తిప్పాలో చెబుతాయి, ఊపిర్లు లెక్కపెట్టవు. ఆ పని మీ విద్యార్థులతో మీరే చేయించాలి.

ప్రశ్న: బడి పిల్లలకు పలక, రాళ్ళు చవగ్గా ఎలా తయారుచెయ్యాలి?
— ఒక టీచరు, లక్ష్మీపురం, గుంటూరు

జవాబు: 20 సెంటీమీటర్ల చదరపు అట్ట తీసుకోండి. నాలుగు వైపులా 2 సెంటీమీటర్లు అంచు వదిలి, 2 సెంటీమీటర్లకొకటి చొప్పున అడ్డం 9, నిలువు 9 గీతలు గియ్యండి. చుక్కలు అయిదు: 3-3, 3-7, 7-3, 7-7, మధ్యలో 5-5. రాళ్ళు నల్లవి 41, తెల్లవి 40 చాలు, ఎందుకంటే కూడళ్ళు మొత్తం 81. టైలర్ల సామాన్లు అమ్మే కొట్లో 18 మిల్లీమీటర్ల కోటు గుండీలు రెండు రంగుల్లో దొరుకుతాయి. అంతకంటే పెద్దవైతే ఒకదానినొకటి తోసుకుని కూడలి చెదురుతుంది.

గుండీలు వద్దనుకుంటే చింతపిక్కలు. సగం అలాగే ఉంచి, మిగతా సగం రెండు వైపులా గచ్చు మీద తెల్లబడేదాకా అరగదీయించండి. పచ్చీసుకైతే ఒక వైపే అరగదీస్తారు, ఇక్కడ రెండు వైపులా కావాలి, లేకపోతే తిరగబడిన పిక్క రంగు మార్చేస్తుంది. చింతపిక్కకు గీతల ఎడం 15 మిల్లీమీటర్లు సరిపోతుంది. ఎర్రగా ముద్దుగా ఉంటాయని గురివింద గింజలు మాత్రం తేవొద్దు. అవి విషం, పిల్లలు నోట్లో పెట్టుకుంటారు.